రెండో మంట

మా ఊరి గాలి దక్షిణధ్రువం నుంచి తిన్నగా వస్తుంది,
దారిలో ఏ కొండా అడ్డం చెప్పదు.
ఇన్వర్‌కార్గిల్‌లో గ్యారేజికి గొళ్లెం వెయ్యడం మరిచామా,
పొద్దున్నే తలుపు పక్కింట్లో వెతుక్కోవాలి.

నైరీ పాస్కో గ్యారేజికి రెండు గొళ్లేలు.
లోపల కారు లేదు. పదకొండేళ్లుగా
ఏడుంబావు అంగుళాల పట్టాల మీద
ఓ ఆవిరింజను చక్రం చక్రంగా పుడుతోంది.

నలభై ఏళ్లు బడిపిల్లల పళ్లు బాగుచేసిన చేతులవి.
ఊళ్లో యాభై దాటిన ప్రతి నోట్లోనూ
ఆవిడ పూడ్చిన గుంట ఒకటైనా ఉంటుంది.
రిటైరైన మర్నాడు టైలరు టేపు పట్టుకుని
పార్కులో తుప్పుపట్టిన అసలింజను కిందికి దూరిందట,
వెల్లకిలా, నోటుబుక్కు పొట్ట మీద.
జారుడుబల్ల దగ్గర పిల్లలు
ఎవరో చచ్చిపోయారని కేకలేస్తే
"కొలత తీస్తున్నా, పోయి ఆడుకోండి" అందట కింద నుంచి.

నాది రొట్టెల కొట్టు. రాత్రి రెండింటికి లేస్తాను.
ఆ వేళ మా వీధిలో వెలిగే ఇంకో దీపం ఆవిడదే.
రొట్టెకొచ్చినప్పుడు స్వెట్టరు మడతలోంచి
ఇత్తడి పొట్టు రాలుతుంది బల్ల మీద,
ఉంగరాలు ఉంగరాలుగా.
పనిపిల్ల మొదట్లో బంగారమనుకుని దాచింది.

జూన్‌లో ఒకనాడు, చిల్లర లెక్కపెట్టుకుంటూ,
"నీకు నిప్పంటే భయం లేదుగా?" అంది.

బాయిలరు రాగిది. రాగికి దాచుకోవడం తెలీదు,
ఇటు పోసిన వేడిని అటు పంచేస్తుంది.
ఒక్క చేతి మంట దానికి చాలదు.
ఆవిడ కుడివైపు, నేను ఎడమవైపు,
బర్నర్లు రెండూ వరదలా హోరెత్తుతుంటే
వెలిగారం ముద్ద ఉడికింది, పొంగింది,
గాజులా పరుచుకుంది.
రొట్టె అంచు రంగు చూసి చెప్పగలను గానీ
రాగి సంగతి నాకేం తెలుసు?
"ఇప్పుడు" అంది.
వెండి తీగ తాకించింది.
అది కరిగిందనను:
ఇంటిదారి తెలిసినదానిలా
అతుకు చుట్టూ పరుగెత్తింది.
నా కనుబొమ్మ ఒకటి కాలింది. అప్పుడు తెలీలేదు.

నీళ్ల పరీక్షకి మర్డో గిల్‌క్రైస్ట్ వచ్చాడు.
యాభై ఏడేళ్లవాడు, బాయిలర్ల విషయంలో కన్నతల్లికైనా మినహాయింపివ్వడు.
ఏడేళ్లప్పుడు ఆవిడ వేలు కొరికాడు.
ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.
పంపు కొట్టాడు. గేజు ముల్లు పైకెక్కింది,
ఆగింది,
వెంట్రుకవాసి కిందికి దిగింది.
నిప్పుగది లోపల, మూడో వరసలో, ఒక చుక్క.
చెమట బొట్టంత.
తుడిచేస్తే అడిగేవాడు లేడు.
మర్డో తల అడ్డంగా ఊపాడు,
ఊపుతూ ఎందుకో చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆవిడ సొరుగులోంచి పాత పళ్లద్దం తీసింది,
పొడుగు కాడది, మచ్చలు పడ్డది.
నిప్పుగది నోట్లోకి పోనిచ్చి, దీపం వేసి, చాలాసేపు చూసింది.
"ఉంది గుంట" అంది.
ఆ గొంతుకి మర్డో నోరు దానంతటదే కొంచెం తెరుచుకోవడం
నేను కళ్లారా చూశాను.
"దీన్ని పాస్ చేసుంటే నిన్ను గెంటేసేదాన్ని."

మళ్లీ నిమ్మఉప్పు నీళ్ల స్నానం, మళ్లీ వెలిగారం,
మళ్లీ రెండు మంటలు.
ఈసారి నా రెండో కనుబొమ్మ.

ఇంజనుకి ఇంకా ఎడమ కడ్డీ లేదు, కప్పు లేదు,
కూతైతే కాగితం మీదే ఉంది.
ఎప్పటికని అడిగితే "నాలుగేళ్లు" అంటుంది
అపాయింట్‌మెంటు రాసిచ్చినట్టు.

ఆగస్టులో రెండో పరీక్ష.
ఇరవై నిమిషాలు ముల్లు నిలబడాలి.
మేం ముగ్గురం దాని ముందు
ఎవరింట్లోనో పురుడు జరుగుతున్నట్టు నిలబడ్డాం.
గాలి రేకుల్ని పీకుతోంది. ఎవరం మాట్లాడలేదు.
టీ కోసం పొయ్యి మీద పెట్టొచ్చిన కెటిల్
ఇంట్లోంచి ఈల వేసింది, వేసింది,
ఇంకాసేపు వేసింది,
చివరికి నీళ్లన్నీ ఆవిరై
దానంతటదే ఊరుకుంది.